బండ మీద పండుగప్ప

ఆస్ట్రేలియా ఉత్తర కొసన, కకడూ జాతీయ ఉద్యానంలో, ఉబిర్ అనే చోట ఒక పెద్ద ఇసుకరాతి బండ ఇంటి చూరులా ముందుకు వంగి ఉంటుంది. ఆ చూరు కింద గోడంతా చేపలు, తాబేళ్ళు, ఉడుములు. జాజు, తెల్లసుద్ద, పసుపుమట్టి నీళ్ళలో కలిపి వేసిన బొమ్మలు. వాటిలో కొట్టొచ్చినట్టు కనిపించేది బర్రముండి అనే చేప. పేరు వింటే పరాయిదనిపిస్తుంది గానీ, కాకినాడ, కోనసీమ వాళ్ళకు అది తెలియని చేప కాదు. అది పండుగప్పే. అక్కడి బర్రముండికీ ఇక్కడి పండుగప్పకూ శాస్త్రవేత్తలు వాడే పేరు ఒకటే: లాటెస్ కాల్కరిఫర్.

కాస్త దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ బొమ్మకు చర్మం ఉండదు. వెన్నుముల్లు, దానికి అటూ ఇటూ పక్కటెముకలు, నడుమ గాలితిత్తి, కడుపులోని భాగాలు, అన్నీ సన్నని గీతల్లో విడివిడిగా కనిపిస్తాయి. దీన్ని ఎక్స్‌రే శైలి అంటారు. చేపను ఒడ్డున నిలబడి చూసిన చూపుకు ఇది అందేది కాదు. పట్టి, కోసి, ఏ భాగం ఎక్కడుంటుందో చేతితో ఎరిగినవాళ్ళ గీత ఇది. బండ పైకి ఎక్కితే, కనుచూపు మేరంతా నదాబ్ వరద మైదానం పచ్చగా పరుచుకుని ఉంటుంది. చేప దొరికింది అక్కడ, బొమ్మ వేసింది ఇక్కడ. మధ్య దూరం నాలుగడుగులు. కకడూ జాతీయ ఉద్యానం ఎలాంటిదో అర్థం కావడానికి ఈ నాలుగడుగులు చాలు.

ఎందుకంటే ఈ చోటు గురించి రాసేవాళ్ళు చాలామంది దాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఒకవైపు మొసళ్ళు, పక్షులు, జలపాతాలు. ఇంకోవైపు 'ఆదివాసీ సంస్కృతి' పేరుతో గుహల బొమ్మలు. మొదటిది చూడటానికి రెండు రోజులు, రెండోదానికి ఒక పూట. ఈ పంపకమే తప్పు. కకడూలో అడవికి ఆ రూపం వచ్చింది మనుషుల చేతి మీదుగానే. బొమ్మల్లో ఉన్నది ఆ అడవి కథే. 1981లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ప్రకృతి, సంస్కృతి రెండు కారణాలూ చూపింది. అలా రెండింటికీ గుర్తింపు పొందిన చోట్లు ప్రపంచం మొత్తంలో తక్కువే.

విస్తీర్ణం సుమారు 19,800 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా కొంచెం పెద్దది. డార్విన్ నగరం నుంచి తూర్పుగా ఆర్నెమ్ హైవే మీద మూడు గంటల ప్రయాణం. ఉత్తర భాగపు ఆదివాసులు తమను బినిన్జ్ అనీ, దక్షిణాది వారు ముంగ్గుయ్ అనీ చెప్పుకుంటారు. కకడూ అన్న పేరు గాగుడ్జు అనే భాష నుంచి వచ్చింది. ఆ భాషను ధారాళంగా మాట్లాడగలిగిన చివరి పెద్దాయన 2002లో కన్నుమూశారు. పోయినవారి పేరు కొంతకాలం పలకకపోవడం అక్కడి మర్యాద. ఆ మర్యాదను గౌరవించి ఈ వ్యాసంలోనూ ఆయన పేరు రాయడం లేదు. భాష పోయింది, దాని పేరు మాత్రం దేశంలోని అతిపెద్ద జాతీయ ఉద్యానాల్లో ఒకదానికి మిగిలింది.

గోడల సంగతికి తిరిగి వస్తే, ఇక్కడ నమోదైన చిత్రాల తావులే 5 వేలకు పైగా ఉన్నాయి. వాటిని వరుసలో పెట్టి చూస్తే సముద్రం చరిత్ర బయటపడుతుంది. సుమారు 20 వేల ఏళ్ళ కిందట, మంచుయుగం ముదిరిన కాలంలో, సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా తక్కువ. తీరం వందల కిలోమీటర్లు ఉత్తరాన ఉండేది. న్యూగినీకి నడిచి వెళ్ళగలిగేంత నేల బయటపడి ఉండేది. అప్పటి బొమ్మల్లో కంగారూలు, మెట్టనేల జంతువులు. మంచు కరిగి, 8 వేల ఏళ్ళ కిందటికి ఉప్పునీరు లోయల్లోకి ఎక్కి వచ్చింది. గోడల మీదికి పండుగప్పలు, మొసళ్ళు వచ్చాయి. తర్వాత నదులు తెచ్చిన ఒండ్రు పేరుకుని, గత రెండు వేల ఏళ్ళలో మంచినీటి చిత్తడి నేలలు ఏర్పడ్డాయి. అప్పుడు బొమ్మల్లో మ్యాగ్‌పై గూస్ అనే నలుపు తెలుపు బాతులు, వాటిని కొట్టే ఈటెలు, ఆ బాతు రెక్కలతో చేసిన విసనకర్రలు కనిపిస్తాయి. ఈరోజు పర్యాటకులు 'అనాదిగా ఇలాగే ఉంది' అనుకునే ఆ పచ్చటి మైదానం, దాన్ని బొమ్మల్లోకి ఎక్కించినవాళ్ళ కన్నా చాలా చిన్నది. అది పుట్టడం వాళ్ళు చూశారు.

మనుషులు ఎంత పాతవారో చెప్పడానికి మజెడ్‌బెబె అనే రాతి నివాసం ఉంది. అక్కడి తవ్వకాల్లో నూరిన అంచు గల రాతి గొడ్డళ్ళు, రంగుమట్టి దొరికాయి. అడుగు పొరలు 65 వేల ఏళ్ళ నాటివని 2017లో పరిశోధకులు ప్రకటించారు. ఆ అంకె మీద పండితుల మధ్య వాదన ఉన్నా, 50 వేల ఏళ్ళని తగ్గించి చెప్పేవారి లెక్క తీసుకున్నా, మనకు తెలిసిన ఏ రాజవంశం, ఏ నగరం, ఏ లిపి దాని దరిదాపుల్లోకి రావు.

ఉబిర్‌లో ఇంకొక బొమ్మ ఉంది. తల ఎత్తి వెతికితే గానీ కనిపించదు. ఒంటి మీద చారలున్న, కుక్కలాంటి జంతువు. అది థైలసీన్. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అది అంతరించి రెండు, మూడు వేల ఏళ్ళు దాటింది. అదే ప్రాంగణంలో నోట్లో పైపు పెట్టుకుని నిలబడిన తెల్లవాడి బొమ్మ కూడా ఉంది. ఒకే కొండ మీద మొదటిది ఒక వీడ్కోలు, రెండోది ఒక రాక. చేతికి అందని ఎత్తులో, చూరు పైన ఎర్రగా గీసిన సన్నని మనుషులు మిమి అనే శక్తుల పని అని బినిన్జ్ చెబుతారు. మిమిలు బండను కిందికి దించి, బొమ్మ వేసి, మళ్ళీ పైకి నెట్టేశాయట.

ఈ బొమ్మల్ని పదిలపరచడం గురించి మనకున్న ఆలోచన అక్కడ పూర్తిగా సరిపోదు. చాలా సందర్భాల్లో బొమ్మ కన్నా బొమ్మ వేయడమే ముఖ్యం. అందుకే పాతదాని మీదే కొత్తది వేస్తూ పోయారు. పొర మీద పొర. జాజు రాతిలోకి ఇంకి వేల ఏళ్ళు నిలుస్తుంది, తెల్లసుద్ద త్వరగా పెచ్చులూడిపోతుంది. బురుంగ్‌కుయ్ కొండ దగ్గర ఉన్న అన్‌బంగ్‌బంగ్ గోడ మీది ప్రసిద్ధ చిత్రాలు 1963–64 ప్రాంతంలో వేసినవి. బయటివాళ్ళు బర్రముండి చార్లీ అని పిలిచిన చిత్రకారుడు ఆ పాత చోటికి వచ్చి వాటిని వేశారు. అరవై ఏళ్ళ నాటి బొమ్మలంటే 'అయితే ప్రాచీనం కాదా' అని కొందరు నిరాశపడతారు. నిజానికి అబ్బురపడవలసింది అక్కడే. 20 వేల ఏళ్ళ కిందట మొదలైన పని 1960లలో కూడా నడుస్తూనే ఉందంటే, చూస్తున్నది శిథిలాన్ని కాదు.

అక్కడి లెక్కలో ఏడాదికి ఆరు కాలాలు. పుస్తకాల్లో ఎండాకాలం, వానాకాలం అని రెండే రాస్తారు. ఆరు అనగానే తెలుగువారికి ఋతువులు గుర్తొస్తాయి గానీ, దగ్గరి పోలిక కార్తెలతో. రైతుకు కార్తె తేదీ కాదు, పని. మృగశిర వచ్చిందంటే ఏం చేయాలో తెలుస్తుంది. బినిన్జ్ కాలాలూ అంతే, కాకపోతే వాళ్ళు నక్షత్రానికి బదులు చెట్టునూ గాలినీ చూస్తారు. డిసెంబరు చివర నుంచి మార్చి దాకా గుజేవుగ్, అసలైన వానలు. ఏడాదికి పడే సుమారు 1,500 మిల్లీమీటర్లలో అధికభాగం అప్పుడే. మనిషి కన్నా ఎత్తుగా ఈటెగడ్డి పెరుగుతుంది, మ్యాగ్‌పై బాతులు గుడ్లు పెడతాయి. ఏప్రిల్‌లో బంగ్గెరెంగ్. ఈదురుగాలులు వచ్చి ఆ గడ్డినంతా నేలకు పడుకోబెడతాయి. మే వచ్చేసరికి యెగ్గె. పొగమంచు, కలువలు, చల్లబడే గాలి. వూలీబట్ అనే నీలగిరి జాతి చెట్టు పూత పట్టిందంటే అడవిని తగలబెట్టే వేళ అయిందని గుర్తు.

తగలబెట్టడమే. ఈ మాట దగ్గర కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. జాతీయ ఉద్యానంలో రేంజర్లు స్వయంగా నిప్పు పెడుతుంటే, దారి పక్కన పొగ లేస్తుంటే, తప్పు జరుగుతోందేమోనని అనిపిస్తుంది. కానీ యెగ్గెలో నేలలో ఇంకా చెమ్మ ఉంటుంది. మంట మోకాలెత్తుకు మించదు, రాత్రి మంచుకు తనంత తానే ఆరిపోతుంది. కాలినచోట, కాలనిచోట కలిసి గళ్ళచీరలా తయారవుతుంది అడవి. ఈ పని వదిలేస్తే, గురుంగ్ కాలంలో, అంటే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యలో, ఎండి పెళపెళలాడే గడ్డి మీద పిడుగు పడినా నిప్పురవ్వ పడినా మంట చెట్ల కొమ్మల దాకా లేస్తుంది. తెల్లవాళ్ళ రాకతో మనుషులు ఊళ్ళకు, క్రైస్తవ మిషన్లకు తరలిపోయి నేల ఖాళీ అయినచోట జరిగింది అదే. పొగ దగ్గర గద్దలు గుంపుగా తిరుగుతూ, మంటకు ఎగిరే మిడతల్ని గాలిలోనే పట్టుకుంటాయి. వాటికి కూడా ఆ కాలం తెలుసు.

వుర్గెంగ్ జూన్ నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా. రాత్రుళ్ళు 17 డిగ్రీల దాకా దిగే చలి. మడుగులు కుంచించుకుపోతూ, కొవ్వు పట్టిన బాతులు వేలల్లో ఒకేచోట మూగే రోజులు. పర్యాటకులకు ఇదే అనువైన సమయం. చివరిది గునుమెలెంగ్, అక్టోబరు నడిమి నుంచి. ఉక్క, సాయంత్రపు ఉరుములు. పూర్వం వరద మైదానాల్లో ఉన్నవాళ్ళు ఈ కాలంలోనే రాతి చూరుల కిందికి మకాం మార్చేవారు. బొమ్మలు ఎందుకు అక్కడున్నాయో కూడా దీంతో తెలిసిపోతుంది.

నీటి అంచుకు వద్దాం. కూయిండా దగ్గర యెల్లో వాటర్ అనే మడుగు ఉంది, స్థానిక నామం న్గుర్రుంగుర్రుడ్జ్‌బా. తెల్లవారుజామున పడవలో వెళ్తే కనిపించేవాటిలో సగం తెలుగువారికి ఇంటి దగ్గరివే. గులాబీ రంగు తామరలు. గట్టున మొగలి జాతి చెట్లు. ఆ మొగలి ఆకును చీల్చి, దుంపలతో, వేళ్ళతో రంగు అద్ది ఆడవాళ్ళు బుట్టలు అల్లుతారు. తామర గింజలు, కాడలు అక్కడి తిండి. తామరాకుల మీద జకానా అనే చిన్న పక్షి పొడుగాటి కాలివేళ్ళు పరిచి, ఆకు మునగకుండా నడిచిపోతుంది. పిల్లల్ని సాకేది తండ్రే. ప్రమాదం వస్తే పిల్లల్ని రెక్కల కింద దోపుకుని పరిగెత్తుతుంది. అప్పుడు తండ్రి పక్షికి పొట్ట కింద అదనంగా కొన్ని జతల కాళ్ళు వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. ఆస్ట్రేలియా పక్షి జాతుల్లో దాదాపు మూడోవంతు, అంటే 280కి పైగా, ఈ ఉద్యానంలో ఉన్నాయి.

అదే నీటిలో మొసలి ఉంటుంది. ఉప్పునీటి మొసలి అని పేరే గానీ మంచినీటి మడుగుల్లోనూ అంతే హాయిగా ఉంటుంది. వేట వల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయిన ఈ జాతిని ఉద్యానం ఉన్న నార్తర్న్ టెరిటరీ ప్రాంత ప్రభుత్వం 1971లో రక్షిత జంతువుగా ప్రకటించాక, తిరిగి పుంజుకుంది. అక్కడి నదులకు ఎలిగేటర్ నదులని పేరు పెట్టింది 19వ శతాబ్దపు తొలినాళ్ళలో తీరాన్ని కొలిచిన నావికుడు ఫిలిప్ పార్కర్ కింగ్. మొసలిని చూసి ఎలిగేటర్ అనుకున్న ఆయన పొరపాటు పటంలో అలాగే ఉండిపోయింది. మొసలి విషయంలో జాగ్రత్త అంటే బోర్డు చదవడం ఒక్కటే కాదు. నీటి అంచుకు అయిదు మీటర్ల దూరంలో ఉండాలి. ఒకేచోటికి రోజూ ఒకే వేళకు నీటికి వెళ్ళకూడదు, ఎందుకంటే మొసలి ఆ అలవాటును గమనిస్తుంది. చేప కడిగిన నీళ్ళు ఒడ్డున పారబోయకూడదు. 2002లో రాత్రిపూట ఒక మడుగులో ఈతకు దిగిన విదేశీ పర్యాటకురాలు మొసలి పాలయింది. జిమ్ జిమ్ జలపాతం మడుగును ఏటా వానల తర్వాత రేంజర్లు గాలించి, బోనులు పెట్టి చూశాకే తెరుస్తారు. 'ఇంకా తెరవలేదా' అని విసుక్కునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

బయటి నుంచి వచ్చి ఈ నేలను కలచివేసినవాటిలో గేదె ఒకటి. మనకు పాలిచ్చే జంతువు అక్కడ శాపమైంది. 1820ల నుంచి 1840ల మధ్య బ్రిటిష్ స్థావరాల మాంసం కోసం ఆసియా దీవుల నుంచి తెచ్చిన గేదెలు, స్థావరాలు ఎత్తేశాక అడవిపాలై లక్షల్లోకి పెరిగాయి. అవి బురదలో ఒకే దారిన నడిచి నడిచి కాలువలు పడేవి. వరద మైదానానికీ ఆటుపోట్ల కాలువకూ మధ్య ఉన్న సన్నని మట్టికట్ట తెగేది. ఉప్పునీరు లోపలికి వచ్చి తామరలు, పేపర్‌బార్క్ చెట్లు చచ్చిపోయేవి. 1980లలో పశువుల క్షయ, బ్రూసెల్లోసిస్ నిర్మూలన కార్యక్రమం కింద వాటిని భారీగా తొలగించారు, చిత్తడి నేలలు కోలుకున్నాయి. ఇప్పుడు అదే ఉప్పునీరు సముద్రమట్టం పెరగడం వల్ల వస్తోంది. దాన్ని ఆపడానికి తుపాకీ పనికిరాదు. గోడల మీది బొమ్మల్లో ఒకసారి జరిగిపోయిన మార్పు, ఈసారి మనిషి చేసుకున్న మార్పుగా మళ్ళీ మొదలైంది.

2001లో కేన్ టోడ్ అనే విషపు కప్ప ఉద్యానంలోకి వచ్చాక, దాన్ని తిన్న క్వాల్ అనే చిన్న మాంసాహారి చాలాచోట్ల మాయమైంది. మిగతా చిన్న జంతువులు కూడా 2000–2010 మధ్య సర్వేల్లో సగానికి పైగా తగ్గినట్టు తేలింది. అదుపు తప్పిన మంటలు, పెంపుడు గడప దాటి అడవిపట్టిన పిల్లులు ప్రధాన అనుమానితులు. ప్రపంచ వారసత్వ ముద్ర పడినంత మాత్రాన అడవి క్షేమంగా ఉన్నట్టు కాదని ఇది గట్టిగా చెబుతోంది.

నేల ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడ లాంఛనం కాదు. 1976 భూహక్కుల చట్టం కింద దాదాపు సగం నేల ఆదివాసులకు దక్కింది. మిగతాదాంట్లో చాలాభాగం 2022లో తిరిగి ఇచ్చారు. వాళ్ళు దాన్ని జాతీయ ఉద్యానంగా నడపడానికి ప్రభుత్వానికి లీజుకు ఇచ్చారు. నిర్వహణ మండలిలో మెజారిటీ వాళ్ళదే. అంటే రేంజరు టోపీ పెట్టుకున్న ప్రభుత్వమే అక్కడ కౌలుదారు. ఇది ఊరికే రాలేదు. ఉద్యానం 1979లో పుట్టిందే యురేనియం గనితో పాటు. రేంజర్ అనే ఆ గని ఉద్యానం నడుమ, దాని సరిహద్దుల నుంచి మినహాయించిన ముక్కలో 2021 జనవరి దాకా నడిచింది. జబిలుకా అనే రెండో గనిని మిరర్ తెగ వాళ్ళు ఒప్పుకోలేదు. 1998లో వేలమంది అక్కడ నెలల తరబడి అడ్డంగా కూర్చున్నారు. ఆ పోరాటం నడిపిన మిరర్ పెద్ద య్వోన్ మార్గరులా, జాకీ కటోనా 1999లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం అందుకున్నారు. మజెడ్‌బెబె ఉన్నది జబిలుకా గని లీజు నేలలోనే. 2024లో ఆ గని లీజును పొడిగించకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. కూంగర్రా అనే మరో యురేనియం నేలను దాని హక్కుదారు జెఫ్రీ లీ, డబ్బు వద్దని, ఉద్యానంలో కలపమన్నారు. 2013లో కలిపారు.

దక్షిణాన జావోయిన్ తెగ వారి గురట్బా కొండ కింద బులా అనే సృష్టిశక్తి నిద్రపోతోందని, దాన్ని కదిపితే జబ్బులు, ప్రళయం వస్తాయని నమ్మకం. ఆ చుట్టుపక్కల నేలను 'జబ్బు నేల' అంటారు. ఆ రాళ్ళలో యురేనియం సహజంగానే ఎక్కువ. 1991లో ప్రధాని బాబ్ హాక్ ఆ కొండ మీద గనిని నిషేధించారు. నమ్మకాన్ని రసాయన శాస్త్రంతో రుజువు చేయనక్కర్లేదు. ఆ నేల మీద బతికినవాళ్ళు దాని జోలికి పోవద్దన్నారు, అది చాలు. నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా చెంచులు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గొంతెత్తి, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ చేత తీర్మానం చేయించిన సంగతి గుర్తున్నవారికి ఈ కథ దూరపుది కాదు. తేడా ఒకటే: అమ్రాబాద్‌లో చెంచులు అడవికి ఇంకా యజమానులు కాలేదు.

యాజమాన్యం కాగితం మీద ఉన్నా పొరపాట్లు జరుగుతాయి. 2019లో గన్‌లోమ్ జలపాతం పైకి వేసిన కొత్త నడకదారి ఒక పవిత్రస్థలానికి మరీ దగ్గరగా పోయింది. పెద్దలు ఆ చోటును మూయించారు. కేసు ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు దాకా వెళ్ళింది. ఉద్యానాన్ని నడిపేది కేంద్ర సంస్థ అయినా నార్తర్న్ టెరిటరీ పవిత్రస్థలాల చట్టం దానికి వర్తిస్తుందని 2024 మేలో తీర్పు వచ్చింది. కొండ అంచున సహజంగా ఏర్పడిన ఈతకొలను ఫొటోలు చూసి గన్‌లోమ్‌కు వెళ్ళాలని ఆశపడినవాళ్ళకు ఆ మూసివేత కష్టంగానే ఉంటుంది. కానీ ఇంటివాళ్ళు తలుపు వేసుకుంటే కారణం అడిగే హక్కు అతిథికి లేదు.

సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోని తెలుగు కుటుంబాలు దూరప్రయాణాలు ఎక్కువగా పిల్లల పెద్ద సెలవుల్లో, డిసెంబరు–జనవరిలో పెట్టుకుంటాయి. కకడూకు జూన్–జులై సెలవులే మేలు. మూడు రోజులైనా ఉండాలి. ప్రవేశ పాసు ముందే ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు. జిమ్ జిమ్ దారికి ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు వెంట ఉంటే యెల్లో వాటర్ పడవ, మముకలా పక్షుల మడుగు, ఉబిర్‌లో కింది బొమ్మల గోడలు, ఇవి మోకాళ్ళను పెద్దగా శ్రమపెట్టవు. కూయిండాలోని వర్రజాన్ సాంస్కృతిక కేంద్రాన్ని మొదటిరోజే చూడటం మంచిది, చివరిరోజు కాదు.

డిసెంబరులోనే వెళ్ళవలసి వస్తే, చాలా దారులు నీటిలో ఉంటాయి, ఉబిర్ రోడ్డు కూడా మునగవచ్చు. కానీ ఆ కాలానికి దాని యజమాని ఉన్నాడు. అన్‌బంగ్‌బంగ్ గోడ మీద తెల్లగా నిలబడిన నమర్గాన్, మెరుపు మనిషి. ఆయన తలకూ మోచేతులకూ మోకాళ్ళకూ రాతి గొడ్డళ్ళు కట్టి ఉంటాయి. వాటితో మబ్బుల్ని కొడితే ఉరుము. ఆయన పిల్లలు అల్యుర్ అనే మిడతలు. కాషాయం, నీలం రంగుల్లో మెరిసే ఆ మిడతలు ఏడాదిలో మిగతా రోజులు కంటపడవు. గునుమెలెంగ్‌లో తొలి ఉరుము వినిపించే వేళకు, ఘాటైన వాసన గల ఒక చిన్న పొద ఆకుల మీద కూర్చుని కనిపిస్తాయి. తండ్రిని పిలవడానికి వచ్చాయని చెబుతారు. ఆకాశం నల్లబడుతుండగా బండ చూరు కింద నిలబడి, ఎదురుగా గోడ మీద తండ్రినీ, బయట పొద మీద పిల్లనూ ఒకేసారి చూడగలిగేది ఆ కొన్ని వారాల్లోనే.